తలుపు మూసి తూచిన బరువు

మా మేనత్త పోయిన కబురు పొద్దున్నే వచ్చింది. కోరుట్ల నుంచి ఆమె కోడలు ఫోన్ చేసి, "అత్తమ్మ లేస్తలేదు వదినె" అని మాత్రం చెప్పి ఏడ్చింది. జగిత్యాలలో బస్సెక్కి వెళ్లేసరికి వాకిట్లో మగవాళ్లు పాడె గురించి మాట్లాడుకుంటున్నారు. ఆమె బరువుకు మామూలు బొంగులు ఆగవని ఒకరు, ట్రాక్టర్ మాట్లాడటం నయమని ఇంకొకరు. వాళ్లవి పనికొచ్చే మాటలే, తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్లు మండింది. బతికినన్నాళ్లూ ఆమె విన్నవి ఇవే మాటలు, పోయిన పూట కూడా ఇవేనా అనిపించింది.

పెళ్లయి కోరుట్లకు వచ్చినప్పుడు ఆమె పుల్లలా ఉండేదట. ఒళ్లో బీడీల చాట పెట్టుకుని పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేవేళ దాకా లేచేది కాదు. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మధ్యమధ్యలో చక్కెర దండిగా వేసిన చాయ్. మూడు పూటలా అన్నమే. మొదట్లో కాస్త ఒళ్లు చేస్తే వాడకట్టంతా మెచ్చుకుంది. మా వైపు బక్కపలచటి కోడలు లావైతే "మంచిగైంది" అంటారు. మంచిగైంది, ఇంకా మంచిగైంది అన్న నోళ్లే కొన్నేళ్లకు ఆమె వెనకాల నవ్వడం మొదలుపెట్టాయి.

ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీల వంక చూసేది. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలైతే, కిందనే చల్లగా ఉంటుందంటూ గచ్చు మీద కూర్చునేది. లేవాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాలి కదా, ఆ సంగతి నలుగురి ముందూ బయటపడటం ఇష్టం లేక అందరూ వెళ్లేదాకా కబుర్లు చెప్పేది. ఆమెకు కబుర్ల పిచ్చి అని చుట్టాలంతా అనుకునేవారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను.

మోకాళ్లు పట్టేసి, నాలుగడుగులకే ఆయాసం వస్తుంటే ఒకసారి దవాఖానకు తీసుకెళ్లాను. బరువు చూసే యంత్రం మీద నిలబడితే ముల్లు చివరిదాకా పోయి ఆగిపోయింది. ఇంకా ఎంతుందో దానికి తెలియదు. అక్కడి మనిషి లైను మొత్తానికి వినపడేలా, మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు తూచే కాంటా ఉంది, తూయించుకుని రమ్మన్నాడు. అతను వెటకారానికి అనలేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అత్తమ్మ చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర నిలబడి, "నేనేమన్న పసుపు బస్తనా బిడ్డా?" అంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా దవాఖాన మెట్లెక్కలేదు.

అట్లాంటి మనిషి నా కొడుకు కోసం నడిబజార్లో కాంటా ఎక్కింది. వాడికి పసితనంలో నిమ్ము చేసి చెయ్యి దాటిపోయేలా ఉంటే, బతికితే మేడారం తల్లులకు నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. తల్లులకు బెల్లమే బంగారం, మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం ఇవ్వాలి. పిల్లవాడు కోలుకున్నాక వాడినే తూయిద్దాం అన్నాను. వినలేదు. "పోరడు పిడికెడంత ఉన్నడు. తల్లికిచ్చేది నిండుగ ఇయ్యాలె. నా అంత బరువు ఇంకెవలకున్నది?" అంది. బెల్లం దుకాణం ముందు బస్తాలు తూచే కాంటాకు పసుపు కుంకుమ పెట్టి, దాని మీద మహారాణిలా కూర్చుంది. ఒక్కరూ నవ్వలేదు. వచ్చి దండం పెట్టుకున్నారు.

ఆ ధైర్యం చల్లారకముందే ఆమెను సిరిసిల్లలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ముందుగా మా ఇద్దరినీ తప్ప అందరినీ బయటికి పంపి తలుపు మూసింది. చేతుల్లేని వెడల్పు కుర్చీ వేయించింది. బరువు తూచి, అంకె పైకి చదవకుండా రాసుకుంది. ఇది తిండిపోతుతనం కాదని, రోగమని, బీపీకీ షుగర్‌కీ ఉన్నట్టే దీనికీ వైద్యం ఉందని చెప్పింది. గుండె అప్పటికే అలసిపోయిందని, ముందే రావాల్సిందని నాతో విడిగా అంది.

తిరుగు బస్సులో వేములవాడ దాటాక అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "రోగమంట బిడ్డా. గిన్నేండ్లు నా తప్పే అనుకున్న" అంది.

మందులు వాడింది. చాయ్‌లో చక్కెర మానేసింది, అన్నం తగ్గించింది, బీడీల చాట పక్కన పెట్టి వాకిట్లో అటూ ఇటూ నడిచేది. కొంచెం తగ్గింది కూడా. కానీ ఆమె బాగుపడేదాకా గుండె ఓపిక పట్టలేదు. మీ వాడకట్టులోనూ ఇట్లాంటి మనిషి ఉండే ఉంటుంది. కంటి పరీక్షలకు శిబిరాలు పెడతాం, షుగర్‌కు పెడతాం, ఈ జబ్బు దగ్గరికి వచ్చేసరికి జోకులు వేస్తాం. ఎవరికి చెప్తే వింటారో తెలియదు, చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది.

దినాల నాడు అంట్లు కడిగేచోట పక్కింటావిడ నా దగ్గరికి వచ్చింది. అత్తమ్మతో కలిసి బీడీలు చుట్టిన మనిషి, వయసులో నాకన్నా చిన్నది, ఆకారంలో అత్తమ్మంత. అటూ ఇటూ చూసి, "అక్కా, గా సిరిసిల్ల డాక్టరమ్మ నిజంగనే తలుపేస్తదా?" అని అడిగింది. వేస్తుందని చెప్పాను. అయితే తనను కూడా తీసుకెళ్తావా అంది.

ఆ మరుసటి వారం ఇద్దరం సిరిసిల్ల బస్సెక్కాం. ఆమె కిటికీకి ఒత్తుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, "కూసో అక్కా, సరిపోతది" అంది. సరిపోదని ఇద్దరికీ తెలుసు. నేను సగం సీటు మీదా, సగం నడవలోనూ కూర్చున్నాను. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా నేను పడిపోకుండా ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.