చింతపిక్కల మధ్య ఎడం

మా మనవరాలు ఈ ఏడే డిగ్రీ కాలేజీలో చేరింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం తన చరిత్ర పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, మొదటి పాఠం చివర ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పమంది. రాతలో ఆధారాలు లేని ప్రజల చరిత్ర మనకెట్లా తెలుస్తుంది అన్నది ప్రశ్న. అర పేజీకి మించకూడదట. నలభై ఏళ్ళు పత్రికల్లో పనిచేసి, ఎంత సంగతినైనా ఇచ్చిన జాగాలో ఇమిడ్చి రాసినవాణ్ణి, ఆ అర పేజీ దగ్గర ఆగిపోయాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉంటే ఒక పనసచెట్టు నీడ, ఆ నీడలో మడతకుర్చీ, అందులో కూర్చుని నా పదిహేడో ఏట నేను రాసిన నోటుబుక్కు తిరగేస్తున్న ఒక అధికారి కళ్ళముందుకొచ్చారు. ఆయన ఒక పుట మీద వేలు పెట్టి, "నీ లెక్క ప్రకారమే, రాళ్ళు పాతిన మరుసటి ఏడు గాని వీళ్ళు ఆ వాలు కొట్టలేదు. అవునా?" అనడిగారు. ఊరంతా నా వంక చూసింది. నేను అవునన్నాను.

ఆ ఒక్క మాట నేనెందుకన్నానో చెప్పాలంటే కాస్త వెనక్కు వెళ్ళాలి.

పంతొమ్మిది వందల ఇరవైల నడుమ నేను సముద్రపు ఒడ్డు పట్నంలో ఇంటర్మీడియెట్ మొదటి ఏడు చదువుతున్నాను. అప్పట్లో కాలేజీ చరిత్ర అంటే గ్రీకులు, రోమనులు, ఇంగ్లండు రాజులు. ఎవరు ఏ సంవత్సరంలో గద్దెనెక్కారో గడగడా అప్పజెప్పడంలో నాకు క్లాసులో మంచి పేరే ఉండేది, మీలో నా ఈడువాళ్ళకు ఆ గర్వం ఎట్లాంటిదో తెలుసు. మా చరిత్ర మేష్టారు మాత్రం మొదటి నెలంతా ఒక్క రాజు పేరూ ఎత్తలేదు. మనకు తెలుసుననుకుంటున్నది ఎవరు చెప్పగా తెలిసింది, ఆ చెప్పినవాడికి ఎట్లా తెలిసింది, ఇదే ఆయన పాఠం. దసరా సెలవులకు ముందు ఆయన మాకొక పని పెట్టారు. శాసనమూ, కరణం రాసిన కవిలె లెక్కలూ లేని ఒక ఊరు చూసుకుని, దాని చరిత్ర రాసుకు రావాలి. కాగితానికి నిలువునా ఒక గీత గీసి, కుడివైపు చెప్పినవారి మాట చెప్పినట్టే రాయాలి; మన ఊహ, మన లెక్క ఏదున్నా ఎడమవైపు మార్జినులోనే ఉండాలి. గీత దాటకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక షరతు.

మా మేనమామకు ముంచింగిపుట్టు సంతలో కొట్టుండేది. ఉప్పూ, కిరసనాయిలూ, బట్టలూ కొండమీదికి చేర్చి పసుపు, వలిసెలు, అడ్డాకులు కిందికి దింపేవాడు. రైలు లేని రోజులు. సరుకు మోసే ఎద్దుల వెంట ఘాటీ ఎక్కి, దారిలో రెండు రాత్రులు పడుకుని చేరాను. సంతకు కోసెడు దూరంలో ఒక కొండ ఊరుంది, మామ దగ్గర ఉప్పు కొనే ఊరు. మన్యంలో అలజడి చల్లారి అప్పటికి ఎంతో కాలం కాలేదు, కాగితమూ పెన్సిలూ పట్టుకుని వచ్చినవాణ్ణి ఎక్కడైనా అనుమానంగా చూసేవారు. మామ వెంట ఉండబట్టి ఊరిపెద్ద నన్ను అరుగు మీద కూర్చోనిచ్చి, తన తల్లిని పిలిచాడు. పాత సంగతులు ఆవిడకే తెలుసట. ఆవిడ నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూ వచ్చి, నన్ను కిందనుంచి మీదికి చూసింది.

"సదువుకున్న గుంటడివంట గదా. మీ ఊర్ల ముసిలోల్లు లేరేటి, ఇంత కొండెక్కి నన్ను అడగనొచ్చినావు?" అంది. అరుగు కింద చేరినవాళ్ళంతా నవ్వారు.

ఆ ఊళ్ళో ఏళ్ళు అంకెల్లో ఉండవని నాకు త్వరగానే తెలిసింది. వాళ్ళది పోడు సేద్యం. ఒక కొండవాలు కొట్టి, కాల్చి, మూడేళ్ళు చోళ్ళూ సామలూ పండించుకుని, దాన్ని అడవికి వదిలి మరో వాలుకు పోతారు. వదిలింది మళ్ళీ ఎదిగాక తిరిగి వస్తారు. ఏది ఎప్పుడు జరిగిందన్నా ఫలానా వాలు కొట్టినప్పుడనే చెప్తారు. ముసలమ్మ కొంగుముడి విప్పి చింతపిక్కలు తీసి, ఇప్పుడు సాగులో ఉన్న వాలుతో మొదలుపెట్టి, వాలుకొక పిక్క చొప్పున వెనక్కు పేర్చుకుంటూ పోయింది. ఇక్కడ కొడుక్కి పెళ్ళయింది, ఇక్కడ పులి దూడనెత్తుకుపోయింది, అంటూ ఒక్కో పిక్కనూ వేలితో తాకేది. నాలుగో పిక్క దగ్గర ఆవిడ గొంతు పెరిగింది.

"ఏటిగట్టు వాలిది. రాల్లు పాతిన్నాడు మా సోడి ఎన్ను మీదుంది. జవాను రాయి దింపితే ఎన్నులన్నీ నలిగిపోనాయి. నాను తిట్టినాను గదా, ఆడికి మా బాస తెల్దు, నవ్వీసి ఎలిపోనాడు."

ఆ రాళ్ళు రిజర్వు అడవి హద్దురాళ్ళు. వదిలిన ఏటిగట్టు వాలు మళ్ళీ దట్టంగా ఎదిగింది, వచ్చే ఏడు దాన్నే కొట్టాలి, రాళ్ళున్నాయి కనుక కూడదని అడవి జవాన్లు అంటున్నారు. రాళ్ళకన్నా ముందే తమ సాగుండేదని రుజువైతే వాలు ఊరిది. ఆ నెలలోనే విచారణకు అధికారి వస్తున్నారు.

రెండో పిక్కకూ మూడో పిక్కకూ మధ్య ఆవిడ కాస్త ఎడం వదిలింది. నేనది చూశాను. పిక్క జారిందేమోననుకున్నాను. ఆ రాత్రి మామ కొట్లో దీపం దగ్గర కూర్చుని, వాలుకు మూడేళ్ళ చొప్పున వెనక్కు లెక్కకట్టి, ప్రతి వాలు పక్కనా ఒక ఇంగ్లీషు సంవత్సరం వేశాను. సంవత్సరాలు అంత చక్కగా కుదిరేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. మార్జినులో వేయవలసినవి గీత దాటించి, కుడివైపు ఆవిడ మాటల మధ్యలోనే వేశాను. మామ తొంగిచూసి, "ఏరా అల్లుడా, పట్నం కాలేజీల సెప్పే సదువు సింతపిక్కలాటేటిరా? మీ అమ్మమ్మ కాడే నేర్సుకుందువు గదా!" అన్నాడు.

విచారణ రోజు పొద్దున్నే ఊరిపెద్ద కొట్టు ముందుకొచ్చాడు. "బాబూ, మా వాల్లన్నీ నీ పుస్తకంలున్నాయంట గదా. బేగి తే, దొరకి సూపిద్దుము" అన్నాడు. రాసిన కాగితమంటే ఎంత బలమో కొండమీద అందరికీ తెలుసు. అంతవరకూ ఆ బలం వాళ్ళవైపు ఒక్కసారీ నిలబడలేదు. నేనూ సంబరంగానే ఇచ్చాను.

ఆ అధికారి మంచివారే, తొందరపడే మనిషి కాదు. రాళ్ళు పాతి పదమూడేళ్ళయిందని ఆయన దగ్గరి కాగితం చెప్తోంది. ఏటిగట్టు వాలు మొదట కొట్టి పన్నెండేళ్ళయిందని నా నోటుబుక్కు చెప్తోంది. రాళ్ళు పడ్డప్పుడు పంట ఎన్ను మీదుందన్న ముసలమ్మ మాటా అదే పుటలో ఉంది. రెండూ పొసగవు కదా అని నన్ను అడిగారు, నేను అవునన్నాను. మధ్యలో ఏదైనా వాలు మరిచారా అని ఆయన తన గుమాస్తా చేత ముసలమ్మను అడిగించారు. ఆవిడ కొడుకు వంక చూసింది. కొడుకు తల దించుకున్నాడు. ఆవిడ కొంగుముడి విప్పి, చెట్టు కింద మట్టిమీద మళ్ళీ పిక్కలు పేర్చింది. ఎడం అక్కడే, అంతే ఉంది. గుమాస్తా పిక్కలు లెక్కపెట్టి, నోటుబుక్కుతో సరిపోయాయని రాసుకున్నాడు. మరింత సాక్ష్యం వచ్చేదాకా ఆ వాలు కొట్టరాదని ఉత్తర్వయింది. నా నోటుబుక్కు దస్త్రంలోకి పోయింది.

తిరిగి వచ్చే దారిలో మామ నాకు పది అడుగులు ముందు నడిచాడు. వాగు దాటాక అన్నాడు: "ఆ మజ్జిన ఒక వాలుందిరా. అమ్మోరొచ్చిన ఏడు. ఊర్ల పిల్లల్ని పట్టుకుపోనాది, ముసిల్దాని మనవలిద్దరూ అందులోనే. ఆ వాలు పేరు ఎవులూ ఎత్తరు. ఎత్తితే పిలిసినారనుకొని అమ్మోరు మల్లీ వొచ్చెత్తది. నన్నొక్క మాట అడిగినావేటి?"

ఆ వాలు మూడేళ్ళు కలిపితే ఏటిగట్టు వాలు రాళ్ళకన్నా రెండేళ్ళు ముందటిది. పంట ఎన్ను మీదుండడమూ నిజమే.

కాలేజీకి వెళ్ళి జరిగిందంతా మేష్టారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు, కుతూహలంగా ముందుకు వంగి, ఎడం ఒక పిక్క పట్టేంతా, ఇంకా ఎక్కువా అని అడిగారు. ఒక పిక్క పట్టేంతే అన్నాను. అది కూడా ఆవిడ చెప్పిన మాటే, గీతకు కుడివైపు రాయవలసింది అన్నారు. మధ్యలో ఒక వాలు లెక్కకు రాలేదని, ఆయన ముందే కూర్చుని అధికారికి అర్జీ రాశాను. వదిలిన వాలు పేరూ, హద్దులూ ఊరివారెవరైనా స్వయంగా వచ్చి చెప్తే పరిశీలిస్తామని మర్యాదగా జవాబొచ్చింది.

వేసవిలో ఆ కాగితం పట్టుకుని కొండెక్కాను. ముసలమ్మ నా చేతికి పనసతొన ఒకటిచ్చి, జవాబంతా విని, చుట్ట పక్కకు తీసింది. "వాలు పోతే ఇంకోటి కొట్టుకుంతాం బాబూ. పిల్లలు పోతే ఏటి కొట్టుకుంతాం?" అంది. మళ్ళీ ఎవరూ ఆ ప్రసక్తి తేలేదు.

తరువాత పత్రికలో చేరి, కుర్రవాళ్ళు తెచ్చిన వార్తల్లో ఏ తేదీ అయినా మరీ చక్కగా కుదిరితే, ఇది గీతకు ఏవైపుదోయ్ అని అడిగేవాణ్ణి. వాళ్ళకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అరకుకు రైలుంది. మేము మూడు పగళ్ళు నడిచిన కొండలను మా మనవరాలు కిటికీలోంచి చూస్తూ పోయి వచ్చింది. పిక్కలు పేర్చి చెప్పేవారు ఆ ఊళ్ళో ఇప్పుడెవరైనా ఉన్నారో లేదో. మనవరాలి ప్రశ్నకు జవాబు అర పేజీలోనే చెప్పి రాయించాను గాని, మధ్యలో ఒక వరస ఖాళీ వదలమన్నాను. అలా వదిలితే మార్కులు పోతాయంది.

కిందటేడు మామ కొడుకు ఉత్తరం రాశాడు. రాళ్ళు పాచిపట్టి అక్కడే ఉన్నాయట. ఏటిగట్టు వాలు ఊరిదో, సర్కారుదో ఇంకా తేలలేదట. ఆ ఎడంలోని వాలు పేరు అతనికీ తెలియదు.