వెనక చక్రం చప్పుడు

నా చిన్నప్పుడు బొబ్బిలిలో మా ఇంటికి కారు వచ్చిందని చూడకుండానే తెలిసేది. సందు మలుపు తిరిగి ఆగబోయేటప్పుడు దాని వెనక బ్రేకు సన్నగా, పొడుగ్గా కీచుమనేది. ఆ కారు మా పెదనాన్నది. బెల్లం, చింతపండు వ్యాపారం మీద తరచుగా శృంగవరపుకోట వెళ్ళి వచ్చేవాడు. ఆ చప్పుడు వినగానే మా పెద్దమ్మ వంటింట్లో కంచం పెట్టేది. బాగుచేయించమని ఎవరైనా అంటే, మా ఇంటికి అదే హారన్ అని ఆయన నవ్వేవాడు.

ఒక వానాకాలం పెదనాన్న జ్వరంతో పోయాడు.

కొన్నాళ్ళకి కారు మా నాన్న నడపడం మొదలుపెట్టాడు. వ్యాపారం ఆగదు. మొదటి రోజు మధ్యాహ్నం కారు కీచుమని ఆగింది. పెద్దమ్మ లేచి కంచం పెట్టింది, గ్లాసులో నీళ్ళు పోసింది. గుమ్మంలో మా నాన్నని చూసింది. కంచం తీసి, కడిగి, బోర్లించింది. ఏడవలేదు. మర్నాడూ అంతే జరిగింది. అందరం చూశాం.

ఆ తర్వాత నాన్న కారు వీధి చివర వదిలి నడిచి రాసాగాడు. దయతోనే చేశాడు. కానీ చప్పుడు వినబడకపోయేసరికి పెద్దమ్మ అన్నం తినడం మానేసి, వంటింటి గోడకి ఆనుకుని సాయంత్రం దాకా చెవి వీధి వైపే పెట్టి కూర్చునేది. రోజురోజుకీ చిక్కిపోయింది.

మా తాతయ్య, అంటే పోయినాయన తండ్రి, వయసులో లారీ నడిపిన మనిషి. ఒకరోజు పొద్దున్నే నాన్నని పిలిచాడు.

"ఎన్నాళ్ళు ఆ సివర పెడతావురా? బండి గుమ్మం ముందుకి తే. ఎనక సక్రాలు గుమ్మం కాడికి రావాలి."

భర్త పోయిన ఆడమనిషి అప్పట్లో కొన్ని నెలలు గుమ్మం దాటేది కాదు. ఆ సంగతి గుర్తు పెట్టుకునే తాతయ్య కారుని అలా పెట్టించాడని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు. జాకీ తీశాడు. పక్కింటి తాత గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏటి బావా, ముసిలితనంలో మెకానిక్కువయిపోనావా? సప్పుడే కదా, రెండు సుక్కలు ఆవదం పొయ్యి, పోద్ది."

"పోద్ది. సప్పుడూ పోద్ది, బ్రేకూ పోద్ది. ముందు నిన్నెక్కించి రామతీర్థం పంపిస్తాను, కూకుంటావేటి?"

నాన్న నవ్వాడు. తరువాత నవ్వినందుకు ఇబ్బందిపడి తల దించుకున్నాడు.

తాతయ్య గుమ్మం దగ్గరికి వచ్చి లోపలికి అడిగాడు. "అమ్మా, ఏ సక్రం అది?"

పెద్దమ్మ వచ్చి గుమ్మం లోపలే నిలబడింది. "ఎనకది మావయ్యా, మన గోడ వైపుది. పొద్దున్న ఎక్కువ. వాన పడితే ఇంకా ఎక్కువ. బస్తాలు నిండా ఏసుకొచ్చిన రోజు రాదు."

అదంతా మాలో ఎవరికీ తెలియదు. రోజూ దాన్ని నడిపే నాన్నకీ తెలియదు.

తాతయ్య ఆ చక్రమే విప్పాడు. దాని వెనకున్న బ్రేకు డ్రమ్ము మీద చిన్నగా కొట్టి లాగాడు. నల్లటి దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడిచాడు. లోపల అర్ధచంద్రంలా ఉండే బ్రేకు షూ ఊడదీసి, రెండు చేతులతో గుమ్మం దగ్గరికి తెచ్చి ఆవిడకి చూపించాడు.

"ఇదిగోనమ్మా, మందం ఇంకా ఉన్నాది. నూనె కారలేదు. అరిగి అరిగి పైన అద్దంలా అయిపోనాది, అందుకే కూస్తంది. ఇనుముకి ఇనుము తగిలి గరగరమంటే నిన్ను అడగను, మార్సేస్తాను. ఇది ఆ సప్పుడు కాదు. దీంతో బండి నడుస్తాది. ఉప్పుకాగితంతో రుద్ది ఆ సప్పుడు తియ్యమంటావా, ఉంచమంటావా?"

పెద్దమ్మ దాని మీద వేలితో రాసి చూసింది.

"మీరేటంటారు మావయ్యా?"

"నేను అడుగుతన్నాను. సెప్పను."

వీధిలో ఎవరో సైకిల్ మీద వెళ్ళారు. పెద్దమ్మ కూర్చుంది. ఉప్పుకాగితం ఇమ్మంది. ఆ మెరుపు పోయేదాకా తనే రుద్దింది. రెండో షూ కూడా తెప్పించుకుని రుద్దింది. తాతయ్య మళ్ళీ తడిగుడ్డ పెట్టి తుడిచి, షూ అంచులు వెనక రేకుకి రాసుకునే చోట మాత్రం గోరంత గ్రీజు రాసి, చక్రం బిగించాడు.

మధ్యాహ్నం పెద్దమ్మ తోటకూర ఒలుస్తోంది. తల ఎత్తేసరికి, కారు ఇంటి ముందే ఆపిన నాన్న గుమ్మంలో ఉన్నాడు. ఆవిడ ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చినావు బాబూ?"

"ఇప్పుడే వదినా."

ఆయనకి కంచం పెట్టింది. ఆయన తిన్నాక తనూ తింది. ఆ సాయంత్రం లోపలి గదిలో ఏడ్చింది. తాతయ్య ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వలేదు.

అప్పటినుండి, మనిషి పోయిన ఇంటికి వెళితే నేను ఏదీ సర్దను. కొక్కేనికి వేలాడే చొక్కా అయినా, కళ్ళజోడైనా, ముందు అడుగుతాను. నాకేమనిపిస్తుందో చెప్పను.

ఈ ఏడు మా ఆయన పోయారు. ఆయన కారుకీ వెనక బ్రేకు కీచుమంటుంది. మా అబ్బాయి షెడ్డుకి తీసుకెళ్తుంటే నేనూ వెళ్ళాను. డ్రమ్ములు విప్పించి చూశాను. మందం ఉంది. నూనె కారడం లేదు.

"ఉప్పుకాగితం పట్టేయమంటారా అమ్మా?" అన్నాడు మెకానిక్కు.

వద్దు, బిగించెయ్యమన్నాను. అతను మా అబ్బాయి వైపు చూశాడు. మా అబ్బాయి చక్రం అందించాడు.

పెద్దమ్మ ఒక్క పూటలో ఆ చప్పుడు వద్దనుకోగలిగింది. నాకింకా ఆ మాట రావడం లేదు. చప్పుడు విని నేను లేవను, కంచం పెట్టను. వింటాను, అంతే. గరగరమన్న రోజు మాత్రం నన్ను అడగొద్దని మా అబ్బాయికి చెప్పాను.