ఉప్పు నేల మీద రీమ్

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వులాటే. రాయచోటి దగ్గర మా చేను శ్మశానాన్ని ఆనుకుని ఉండేది. వేరుశనగ మీద అడవి పందులు పడకుండా ఎన్నో రాత్రులు అక్కడ కాపలా పడుకున్నాను. పందులు వచ్చాయి గాని దయ్యం ఒక్కటీ రాలేదు. అందుకే దీన్ని దయ్యం కథ అనను. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎవరో ఒకరు "కువైట్‌లో ఏందో చూసినావంట గదా" అని మొదలుపెడతారు. చెప్పి చెప్పి విసుగు పుట్టింది. రాసి పడేస్తే ఆ పని అయిపోతుందని రాస్తున్నాను.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడు నేను దక్షిణాన ఎడారిలో, నా కఫీల్ వేట విడిదిలో పనిచేస్తున్నాను. కఫీల్ అంటే మనల్ని పిలిపించుకుని పనిలో పెట్టుకున్న యజమాని. ఆయన నాలుగు సలూకీ వేట కుక్కల్ని చూసుకోవడం నా పని. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు. కదిలేది ఏది కనపడినా వెంటపడకుండా ఉండలేని జాతి.

విడిది పక్కనే సబ్ఖా. ఉప్పు పేరుకున్న చదును నేలను అక్కడ అలా అంటారు. పొద్దున చూస్తే మంచు కురిసినట్టే ఉంటుంది. కఫీల్ కొడుకు ఏదో చలిదేశంలో కుక్కల చేత లాగించుకుంటూ మంచు మీద జారే మనుషుల్ని చూసొచ్చి, తనకూ అదే కావాలన్నాడు. తలుపంత పలకకు ముందువైపు వంపు తీయించి, కుక్కలకు ఛాతీ పట్టీలు కుట్టించి, సబ్ఖా అంచు వెంట జారేవాడు. వాడి మోజు తీరాక, కుక్కలకు కసరత్తు పేరుతో ఆ పలక ఎక్కే పని నా నెత్తిన పడింది. మా ఊళ్ళో ఎద్దుల బండి తోలినవాణ్ణి, అక్కడ కుక్కల బండి తోలాను.

అదే విడిదిలో ఒక జింకపిల్ల ఉండేది. పేరు రీమ్. కఫీల్ కూతురు పెంచుకుంది. కుక్కలు పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ వాటితోనే పెరగడం వల్ల, ఆ నాలుగూ దాన్ని మాత్రం తరిమేవి కావు. అది ఎటు పోతే అటు తోకాడిస్తూ నడిచేవి. ముళ్ళకంచె గీరుకుని దాని ఎడమ చెవి కొస చీలింది. మెడలో చిన్న ఇత్తడి గంట నేనే కట్టాను. వేసవి మొదట్లో జబ్బు చేసి చచ్చిపోయింది. గంట విప్పొద్దని కఫీల్ కూతురు ఏడిస్తే, గంటతోనే పూడ్చాను.

ఆ తర్వాత వంటకు సత్యంగారు వచ్చారు. కోనసీమ మనిషి, నాకంటే పెద్దవారు. రీమ్‌ని ఆయన చూడలేదు. దాని మాట కూడా మా మధ్య ఎప్పుడూ రాలేదు.

కఫీల్ కుటుంబం సెలవులకు విదేశాల్లో ఉండగా యుద్ధం వచ్చిపడింది. సైనికులు విడిదిలో ఉన్న ఒక్క మోటారు బండీ పట్టుకుపోయారు. ట్యాంకులో నీళ్ళు అడుగుకు చేరాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా సత్యంగారి అరికాల్లో తుప్పు మేకు దిగింది. కాలు మోకాలి దాకా వాచింది, ఒళ్ళు పెనంలా కాలింది. వైద్యం అందకపోతే మనిషి దక్కడని నాకు అర్థమైంది.

మంగఫ్ పట్టణంలో మలయాళీ నర్సులు మనవాళ్ళకు వైద్యం చేస్తున్నారని విన్నాం. సబ్ఖా అవతల మట్టిదారిలో ఎడారి తెగకు చెందిన ఒక బదూ ముసలాయన ఉదయం పూట నీళ్ళ ట్యాంకర్ తోలుకుని అటే పోతాడు. చుట్టు తిరిగి సత్యంగారిని మోసుకుపోవడం నావల్ల కాదు. అడ్డంగా దాటాల్సిందే. కాని మధ్యలో ఉప్పు పొర కిందంతా బురద. అక్కడ దిగబడ్డ జీపుల్ని కళ్ళారా చూసినవాణ్ణి.

తెల్లారగానే కుక్కలకు కడుపునిండా నీళ్ళు పోశాను. మిగిలింది సీసాలో పోసి సత్యంగారికి ఉంచాను. ఆయన్ని పలక మీద పడుకోబెట్టి, ముఖం మీద తువ్వాలు కప్పి, వెనక అంచున నేను నిలబడ్డాను. అవతలి గట్టు మీది ఇనుప స్తంభాన్ని గురి పెట్టుకుని కుక్కల్ని అదిలించాను.

సగం దాకా బాగానే జారాం. అక్కడ కుక్కలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ముందు ఒక జింక నిలబడి ఉంది.

కుక్కలు తరిమితే పలక బోల్తా పడుతుంది, జబ్బు మనిషి బురదపాలవుతాడు. అవి తరమలేదు. తోకలాడించాయి. జింక తల తిప్పింది. ఎడమ చెవి కొస చీలి ఉంది.

అది ఎడమకు తిరిగి నడిచింది. కుక్కలూ అటే తిరిగాయి. అరిచాను, తిట్టాను. వినలేదు. స్తంభం వైపు మళ్ళిద్దామని ఒక కాలు కింద పెట్టాను. ఉప్పు పొర పెళ్ళున పగిలి తొడ దాకా దిగబడ్డాను. పలక పట్టుకుని ఎలాగో పైకి పాకాను. అప్పటికి భయపడే ఓపిక కూడా లేదు. ఎటైనా పోండని సత్యంగారి పక్కన కూలబడ్డాను.

తువ్వాలు కింద నుంచి ఆయన నీరసంగా అడిగారు.

"ఏవండీ, ఆ మేకపిల్ల ఎవరిదండీ? గంట కట్టినట్టున్నారు."

నాకు ఏ గంటా వినపడలేదు. "మేకా లేదు, గీకా లేదు. కండ్లు మూసుకోన్నా" అన్నాను.

"వినపడతా ఉంటే లేదంటారేంటండీ బాబూ" అని గొణిగారు.

వంకరటింకరగా తిరిగి తిరిగి గట్టి నేల చేరాం. అప్పటికి జింక కనపడలేదు. ట్యాంకర్ వచ్చింది. సత్యంగారి కాలు చూసి ముసలాయన యల్లా యల్లా అని తొందరపెట్టాడు. కుక్కలకు చోటు లేదన్నాడు. పట్టీలు విప్పుతూ మేం వచ్చిన జాడ చూశాను. కుక్కల అడుగులున్నాయి, పలక ఈడ్చిన గీత ఉంది. డెక్కల జాడ ఒక్కటీ లేదు.

కుక్కలు ట్యాంకర్ వెంటపడతాయనుకున్నాను. నాలుగూ మళ్ళీ ఉప్పు మీదికే పోయాయి. పరుగెత్తకుండా, తోకాడిస్తూ నడుచుకుంటూ పోయాయి. వాటి ముందు ఏమీ లేదు. నాకు ఏడుపు ఆగలేదు. పిల్లల్లా సాకాను వాటిని.

సత్యంగారి కాలు దక్కింది. బస్రా మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానంలో ఇల్లు చేరాం. కుక్కల సంగతి మళ్ళీ తెలియలేదు.

దాహానికి కళ్ళు మోసపోయాయంటారు విన్నవాళ్ళు. కావచ్చు, ఆ పూట నేను నీళ్ళు ముట్టలేదు. కుక్కలు మాత్రం తాగే బయల్దేరాయి. జ్వరంలో గంటలు మోగుతాయంటారు. అదీ కావచ్చు. వాదించే ఓపిక నాకు లేదు.

సత్యంగారు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. కాస్త కుంటుతారు. అన్నీ మాట్లాడి, చివర్లో ఆ మేకపిల్ల ఎవరిదో తెలిసిందా అని అడుగుతారు. తెలియలేదంటాను. ఆ మెడకు గంట కట్టింది నేనే. గంటతో సహా మన్ను కప్పిందీ నేనే. ఆయనకు ఏమని చెప్పను?