టింక్ ఆంటీ జామ జెల్లీ

నార్ఫోక్ ద్వీపంలో ఎనిడ్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. టింక్ ఆంటీ అనాలి. అక్కడి ఫోన్ పుస్తకంలో కూడా ముద్దుపేర్లే ఉంటాయి మరి. చిట్టి ఎర్రజామ పళ్లతో జెల్లీ చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఈ మాట నాది కాదు, ఆమెదే! ఊరికే అనడమా? ఏటా వ్యవసాయ ప్రదర్శనలో మొదటి బహుమతి కార్డు గెలిచి తెచ్చి వంటింటి గోడకు తగిలించేది.

ఆ ఏడు కోడలు కార్లీన్ తానూ పోటీలో ఒక సీసా పెడతానంది. బ్రిస్బేన్ పిల్ల, ఈ పళ్లు ఆమెకు కొత్త. బాగా మగ్గినవే ఏరి, ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి ఉంచింది. లోపల చెమట పట్టి అవి మెత్తబడిపోయాయి.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందే! పళ్లకు ఊపిరాడొద్దూ? ఇంత మగ్గాక గడ్డకట్టించే పెక్టిన్ ఏం మిగుల్తుంది? జెల్లీ కాదు, పానకమవుద్ది" అంది టింక్ ఆంటీ.

"మగ్గితేనే కదత్తా రుచి?"

"రుచి పండుది, పట్టు దోరకాయది. పో, దోరవి కోసుకురా."

రెండూ కలిపి ఉడికించారు. ఆంటీ చెంచాడు రసం తీసి స్పిరిట్‌లో వేసి చూపించింది. అది జిగురుగా గడ్డకట్టింది. "చూశావా, ఇదీ పెక్టిన్ అంటే! ఇక పారబొయ్యి, రుచి చూసేవు, చస్తావ్!"

ఆ ద్వీపానికి సరైన రేవు లేదు. సముద్రం పొంగిందంటే ఓడ దూరంగా నిలబడి ఊగుతూ ఉండాల్సిందే. ఈసారీ అంతే, తెప్పించుకున్న కొత్త సీసాలు ఓడలోనే ఉండిపోయాయి. ఇంట్లో ఉన్న గాజు సీసాలన్నీ కోడలికిచ్చేసి, టింక్ ఆంటీ విడిగా కాచుకున్న తన జెల్లీని సలసల కాగుతుండగానే ప్లాస్టిక్ డబ్బాల్లో పోసేసింది.

"నా జెల్లీ ఎందులో పోసినా నా జెల్లీయే!" అంది. అదిగో, ఆ ధీమాయే కొంప ముంచింది. ఓడ సరుకు దింపాక, దాన్ని మళ్లీ కరిగించి గాజు సీసాల్లోకి మార్చింది.

ప్రదర్శన రోజు పొద్దున, టింక్ ఆంటీ సీసా అప్పటికే పోటీ హాల్లో బల్లమీద ఉంది. ఇంట్లో దాని జోడు సీసా తెరిచి, రొట్టెకు రాసుకుని ఒక ముక్క కొరికింది. అంతే, నమలడం ఆపేసింది. లీలగా, కొత్త ప్లాస్టిక్ వానకోటు వాసన. పైగా రెండోసారి కాగడంతో పట్టు కూడా సడలింది.

గబగబా హాలుకెళ్లి బల్లమీదున్న తన సీసా తీసేసింది. కార్లీన్ చెయ్యి పట్టుకుంది.

"ఎవరికీ తెలీదత్తా. ఇంట్లో నేనూ తిన్నాను, నాకే తెలీలేదు."

"నాకు తెలుస్తోందిగా!"

"గోడమీద కార్డుల వరస తెగిపోదూ?"

"తెగనీ! ఇంత కంపు జెల్లీ మీద నా పేరా?" అంటూ సీసా సంచిలో పెట్టేసుకుంది గానీ, ఆ ముసలి ప్రాణానికి నిజంగానే కష్టమైంది. అయినా ఇంటికి పోకుండా అక్కడే నిలబడింది.

బహుమతులు నిర్ణయించే ఆమె కార్లీన్ సీసాను పళ్లెంలో బోర్లించింది. మాణిక్యం రంగు జెల్లీ ఒక్కసారి వణికి, సీసా ఆకారంలో నిటారుగా నిలబడింది. కొంచెం నోట్లో వేసుకుని, తల పైకెత్తి చుట్టూ చూసింది.

"ఏం టింక్, ఈసారి నీ జెల్లీ లేదే?"

ముసలామె గడ్డం పైకి లేచింది.

"నీ కళ్లేమయ్యాయి? ఆ పళ్లెంలో నిలబడ్డదేమనుకుంటున్నావ్? మా కోడలు చేసింది!"