పిట్టల నీళ్లలో మొదటి గుక్క

నా లవ్ బర్డ్స్ కోసం పట్టి ఉంచిన డ్రమ్ముడు వాన నీళ్లను ఆవిడ నన్ను అడగకుండా పారబోసింది.

ఆవిడ మా దీవిలోని హాడో పేటలో మా పొరుగింటావిడ, మా తెలుగు చర్చికే వచ్చేది. నేను ఓడెక్కి విశాఖ వెళ్లొచ్చేదాకా పిట్టలను ఆవిడకే అప్పగించాను. కుళాయి నీళ్లలో బ్లీచింగ్ ఉంటుంది, వాన నీళ్లే పొయ్యమని ఒకటికి రెండుసార్లు చెప్పాను. అది ఏ బడిలోనో నేర్చింది కాదు, ముప్పై ఏళ్లు పిట్టలను పెంచి తెలుసుకున్నది.

నేను ఇంట్లో ఉన్నప్పుడూ అప్పుడప్పుడు ఆవిడే వాటికి నీళ్లు పోసేది. ఆవిడకో అలవాటు. పిట్టలకు నీళ్లు పోసే ముందు తానొక గుక్క తాగి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడేది. ఎందుకో నాకు అంతుపట్టేది కాదు. నన్ను వెక్కిరిస్తోందేమో అనుకునేవాణ్ణి.

తిరిగొచ్చేసరికి డ్రమ్ము ఖాళీ. పిట్టలు కాచి చల్లార్చిన కుళాయి నీళ్లు తాగుతూ హుషారుగా ఉన్నాయి. అది చూసి ఇంకా మండింది.

"ఎందుకు పారబోశావమ్మా?"

"ఛోడో నా, పోనివ్వండి బాబాయ్, పిట్టలు బాగున్నాయి కదా!"

ఆదివారం చర్చిలో, పోయిన వారం ఆవిడ ఆరాధనకు రాలేదని ఎవరో అన్నారు. ఒక్క ఆదివారమైనా మానని మనిషి! నాకు ఏదీ అతకలేదు. ఆ సాయంత్రమే వాళ్ల గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగాను. తల దించుకుని చెప్పింది:

"ఊరెళ్లే ముందు మీ ఇంటి పైకప్పు రేకులకు మీ చేత్తోనే ఎర్ర పెయింట్ వేశారు కదా బాబాయ్. డ్రమ్ములోకి పడింది ఆ రేకుల మీది నీళ్లే. నీళ్లు మంచివో కావో చూడ్డానికి ఎప్పుడూ తాగే గుక్కతో నాకేం తెలియలేదు, అనుమానం తీరక గ్లాసుడు తాగి చూశాను. రెండు రోజులు వాంతులు. ఇంక పిట్టలకెలా పొయ్యను?"