కత్తెరమ్మ తీసేసిన గొంతు

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. ఎదురుగా కాదులెండి, అంత ధైర్యం ఎవరికుంది! కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కి ప్యాకేజీలు, అంటే అందులో వేసుకునే ప్రోగ్రాముల మూటలు, సిద్ధం చేయడం ఆమె పని. ప్రతి ప్యాకేజీ తన వెంట ఇంకేమేం కావాలో ఒక జాబితా మోసుకొస్తుంది. ఆ జాబితాలో ఊరికే తిష్ఠ వేసినవాటిని ఏరిపారేయడం ఆమెకు మహా సరదా. ఇరవై రెండేళ్లుగా అదే పని, అదే కుర్చీ, పిడి విరిగిన అదే టీ కప్పు.

"లెక్కలు చేసేదానికి కెమెరా ఎందుకయ్యా? కూడికలకి ఫోటో తీస్తుందా?" అని పక్క టేబుల్ వాళ్లను నిలదీసేది.

ఒక సోమవారం బావగారు ఫోన్ చేశాడు. అక్క మొగుడు, చిన్న గ్రంథాలయం చూసుకుంటాడు. అక్కడ పదకొండు పాత కంప్యూటర్లున్నాయి.

"అమ్మాయ్, మీ సిస్టమ్ కొత్త వెర్షన్‌కి డిస్కులో చోటు చాలట్లేదు. శుక్రవారం మధ్యాహ్నం పైఆఫీసు వాళ్లు తనిఖీకి వస్తున్నారు. కొత్తది ఎక్కని మిషన్లన్నీ తుక్కు కింద పట్టుకుపోతారట. మళ్లీ ఇస్తారన్న ఆశ నాకైతే లేదు."

"నాలుగు రోజులుంది కదా బావా, కంగారెందుకు?"

అనడమైతే అంది గానీ, జాబితా తెరిచి చూసి నోరెళ్లబెట్టింది. పుస్తకాలు చూపించే ఒక్క ప్యాకేజీ వెంట నూట నలభై మూడు! భోజనానికి ఒకరిని పిలిస్తే వీధంతా కదిలొచ్చినట్టుంది.

ఇక కూర్చుంది. ఒకటి తీయడం, మొదటినుంచీ మళ్లీ కట్టడం, పుస్తకం తెరిచి పేజీలు తిప్పి చూడటం. ఏదైనా ఆగిపోతే తీసినదాన్ని మళ్లీ పెట్టేయడం. ఎంత ఓపికండీ ఆవిడకి! ధ్వనికి సంబంధించిన ఇరవై కనబడ్డాయి. "పుస్తకానికి చప్పుడెందుకట?" అని వాటినీ లేపేసింది. పేజీలు చక్కగా తిరిగాయి. గురువారం సాయంత్రానికి నూట నలభై మూడు కాస్తా ముప్పై ఎనిమిదైంది.

శుక్రవారం పొద్దున తనే వెళ్లి పదకొండింటికీ ఎక్కించింది. చోటు సరిపోయి ఇంకా కొంచెం మిగిలింది. బావగారి మొహం విప్పారింది.

అప్పుడొచ్చిందొక పెద్దావిడ. టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైంది, చూపు పోయింది. రోజూ మూల కుర్చీలో కూర్చుని కంప్యూటర్ చదివి వినిపిస్తే పుస్తకాలు వింటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటలు నొక్కింది. మళ్లీ నొక్కింది.

"ఇదేంటి నాయనా, మూగబోయింది? ఎవరు తీశారు దీని గొంతు?"

కత్తెరమ్మకు అప్పుడు తట్టింది. పుస్తకాన్ని కళ్లతోనే పరీక్షించింది మరి! బావగారు చెవిలో గొణిగాడు. "తనిఖీ అయిపోనీ అమ్మాయ్. ఆవిడకి నేను సర్దిచెబుతాలే."

"వద్దు బావా," అని ఆవిడ దగ్గరికెళ్లింది. "నేనే తీశానండీ. అక్కర్లేదనుకున్నా. తప్పు నాది."

"నన్నడగకపోయావా తల్లీ? రోజంతా ఇక్కడే పడుంటాగా!"

ఆ మాటకు కత్తెరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఇరవయ్యీ తిరిగి పెడితే చోటు చాలదు. ఒక్కోటి విప్పి చూసింది. పాటలు కలిపేవి, మాటలు రికార్డు చేసేవి పోగా, చదివి వినిపించడానికి కావలసినవి మూడే. ఆ మూడింటినీ విడి ప్యాకేజీగా కట్టి, పదకొండింటికీ వేసింది.

"మూలదానికొక్కదానికి చాలదూ?" అన్నాడు బావగారు, గడియారం వంక చూస్తూ.

"అది పాడైన రోజు ఆవిడ పక్క కుర్చీలో కూర్చోవద్దా?"

తనిఖీ వాళ్లు వచ్చేసరికి పెద్దావిడ ఏదో వింటూ పకపకా నవ్వుతోంది. మిషన్లు లెక్కపెట్టుకుని, ఒక్కటీ ముట్టకుండా వెళ్లిపోయారు.

కత్తెరమ్మ ఇప్పటికీ కత్తిరిస్తూనే ఉంది. కాకపోతే ఆఖరి పరీక్ష ఫోన్‌లో జరుగుతుంది.

"పెద్దమ్మా, కొత్తది పంపాను. ఓసారి విని చెప్పరూ?"

అవతల మీటలు టకటకలాడతాయి.

"వినబడుతోంది తల్లీ. ఇక కత్తిరించుకో."