బంగళా మెట్ల కాడ చెప్పులు

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం మీ చెవిన పడలేదా? అయితే కూర్చోండి, ఆ టీ చల్లారేలోపు చెప్పేస్తాను. ఎవరికీ చెప్పొద్దని మా పార్వతి ఒట్టేయించుకుంది గానీ, అప్పటికే ఇన్సేన్ ఊరంతా పాకిపోయింది. ఇంక నేను చెప్తే తప్పేటి?

మా పార్వతికి ఇన్సేన్ సంబంధం వొచ్చింది కదా. అబ్బాయి మోహన్. పిల్లకి నచ్చేసాడు, మాకూ నచ్చాడు. ఇంక సరేననాల్సింది వాళ్లమ్మ సావిత్రమ్మగారొక్కరే. ఆవిడేమో, "పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి చూడ్డం నాకిష్టం లేదండి, ఎక్కడికైనా సరదాగా వెళ్దాం," అన్నారు. ఊరి చివర దొరల కాలం నాటి టేకు బంగళా లేదూ, చుట్టూ పెద్ద తోట? ఆదివారాలు జనాన్ని లోపలికి వదుల్తారు. అక్కడ కలుద్దామనుకున్నాం. మా ఆయనకి ఆరోజు డ్యూటీ. మా వైపునుంచి నేనూ పిల్లా, వాళ్ల వైపునుంచి తల్లీ కొడుకూ వెళ్లాం.

రైల్లో పార్వతి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఈ ఒక్కరోజూ కాస్త తక్కువ మాట్లాడవే," అంది. "నేనెప్పుడు ఎక్కువ మాట్లాడానే?" అని దిగేదాకా దాన్ని వాయిస్తానే ఉన్నాను.

ఆ వియ్యపురాలి కోసమనే లత బజార్లో కొత్త ఫనాలు కొన్నాను. అవే, మనందరం వేసుకునే మెరూన్ వెల్వెట్ చెప్పులు. కొత్తవి కదా, వేలిసందున ఒకటే కోత! బంగళా చేరేసరికి కుంటుతున్నాను. టేకు నేల పాడవకూడదని, ఫయా గుడికి వెళ్తే విప్పినట్టే మెట్ల కాడే విప్పించేసారు. ప్రాణం లేచొచ్చింది.

లోపల పెద్ద మెట్లు, పియానో, ఇంతెత్తు అద్దం. అన్నిటి గురించీ నేనే మాట్లాడాను. సావిత్రమ్మగారు "ఊఁ" అనేవారు, అంతే. వెనక పార్వతి నా కొంగు లాగుతానే ఉంది.

పిల్లలిద్దర్నీ కాసేపు వొదిలేద్దామని ముందు నేనే బయటికొచ్చి, చెప్పులేసుకుని తోటలోకి నడిచాను. ఓలమ్మో, ఏం గులాబీలు! ఏం కలువల కొలను! చెప్పులు కూడా సాగినట్టున్నాయి, కాలికి మెత్తగా, హాయిగా ఉన్నాయి. షాపువాడు మంచి సరుకే ఇచ్చాడనుకున్నాను.

వెనక్కి చూద్దును కదా, సావిత్రమ్మగారు! ఎర్రటి ఎండలో, కంకర మీద, వొట్టి కాళ్లతో గెంతుకుంటూ వొస్తున్నారు. వెనకాలే పిల్లలిద్దరూ.

"ఏటైంది వదినగారూ?"

"నా ఫనాలు ఎవరో ఏసుకుపోయారండి."

"అయ్యో! మరి అక్కడ ఇంకేం లేవా?"

"ఒక జత ఉంది. పరాయివాళ్లవి మనమెలా ఏసుకుంటాం?"

చూడండి, ఎంత నిజాయితీ మనిషో! అంత మనిషిని ఓదార్చకుండా ఉంటానా? "పోతే పోనీండి వదినగారూ! చెప్పులు పోయాయంటే మన శని పోయినట్టే. మా అమ్మ ఎప్పుడూ అనేది. ఏసుకుపోయిన దొంగమొహంది ఎవత్తో గానీ, ఈపాటికి శని దాని కాళ్లకి చుట్టుకునే ఉంటాది!"

ఆవిడ నా కాళ్లకేసి చూస్తానే ఉన్నారు. ఏదో అనబోయారు గానీ, నేను ఆగితేనా? చీర కాస్త పైకెత్తి మరీ చూపించాను. "లతలో కొన్నానండి. అస్సలు కరవవు. మీకూ ఆ షాపు చూపిస్తాను, పదండి."

అప్పుడొచ్చాడు ఊ తేన్ అనే వాచ్‌మన్, చేతిలో ఓ జత పట్టుకుని. మెట్ల కాడ ఇవే మిగిలాయి, ఎవరివమ్మా అని అడిగాడు. అడుగున లత షాపువాడి స్టిక్కర్ ఇంకా ఊడలేదు. పార్వతి ఆ స్టిక్కర్ని చూసింది, నన్ను చూసింది, రెండు చేతుల్తో మొహం కప్పేసుకుంది.

నమ్మండి, పుట్టాక మొదటిసారి నాకు మాట రాలేదు. అయిపోయింది, పిల్ల సంబంధాన్ని నా నోటితో నేనే తగలెట్టాను అనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. చెప్పులు విప్పి ఆవిడ ముందు పెట్టి, తలొంచుకుని నిలబడ్డాను.

సావిత్రమ్మగారు తీరిగ్గా ఏసుకున్నారు. ఏసుకుని, కొలను గట్టు మీద కూలబడి, కళ్లెమ్మట నీళ్లొచ్చేలా నవ్వారు.

"మీరు చూసారు కదండీ, మరి చెప్పలేదేం?" అన్నాను.

"మీరు సందిస్తే కదా వదినగారూ!" అని మళ్లీ నవ్వు. "పెళ్లి కాకముందే మా ఇంటి శనిని మీ కాళ్లకి తగిలించుకున్నారు. ఇంతకన్నా మంచి సంబంధం మాకెక్కడ దొరుకుతాది? ముహూర్తం పెట్టించండి."

పార్వతి నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. నేనూ అంతే.

తిరుగు రైలుకి నా చెప్పులు నేనే ఏసుకున్నాను. స్టేషన్ చేరేలోపు రెండు వేలిసందులూ ఒలిచేసాయి. ఆవిడ శని వెన్నలా ఉండేదండీ. నా శనినే, లత దాకా వెళ్లి, బేరమాడి మరీ కొనుక్కున్నాను.